ఎర్ర స్విచ్చు

నాకు కోపం తొందరగా వస్తుంది. స్విచ్చుల విషయంలో అయితే మరీను. ఎవరైనా కారులో రేడియో మోగుతుండగానే తాళం తిప్పి ఇంజను స్టార్టు చేస్తే, ఆ కారు నాది కాకపోయినా, నడిపేది ఎంత పెద్దమనిషయినా, "ముందు ఆ రేడియో ఆపండి" అంటాను. మా పిల్లలు దీన్ని చాదస్తం అంటారు. ఈ కాలం కార్లకి ఆ భయం లేదు నాన్నా అని నచ్చజెబుతారు. లేకపోవచ్చు. అరవైల్లో ఒక విమానం రేడియో నా మూలంగా కాలిపోయింది. దాంతోపాటు మా బావకి మెకానిక్కుగా ఉన్న మంచి పేరు కూడా పోబోయింది. ఆ సంగతి పిల్లలకి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

మాది బందరుకి దగ్గర్లో చిన్న పల్లె. నాన్న ఊరి చర్చిలో ఉపదేశి. నేను బందరు మిషను హైస్కూల్లో చదువుకుని, ఆపైన చదివే వీలు లేక వైమానిక దళంలో రేడియో మెకానిక్కుగా చేరాను. యాభైలన్నీ దాదాపు అక్కడే గడిచాయి. అక్కడ మాకు పాఠం చెప్పినాయన మొదటి రోజే ఒక మాట అన్నాడు. ఇంజను స్టార్టు చేసే ముందు రేడియో ఆపాలి, ఇంజను ఆపే ముందు రేడియో ఆపాలి, ఈ రెండూ గుర్తున్నవాడే మెకానిక్కు, మిగతావన్నీ పుస్తకంలో ఉన్నాయి అని.

ఎందుకో నాకు చప్పున అర్థమైంది. కాలవల మధ్య పుట్టినవాణ్ణి కదా. డైనమో అంటే పారుతున్న కాలవ. బ్యాటరీ అంటే ఆ కాలవ పక్కనున్న చెరువు. ఎక్కువైన నీళ్ళు చెరువులోకి పోతాయి, తక్కువైతే చెరువులోంచి వస్తాయి. ఉన్నట్టుండి తూములన్నీ మూసేసి, చెరువుకి పోయే దారి కూడా కట్టేస్తే ఏమవుతుంది? కాలవ గట్టు మీదికి పొంగుతుంది. కరెంటూ అంతే. ఇంజను తిప్పే మోటారు బ్యాటరీని ఒక్క గుటకలో పీల్చేసి, పని కాగానే వదిలేస్తుంది. ఆ వదిలిన క్షణంలో తీగల్లో కరెంటు ఎగిరిపడుతుంది. దీపాలు, మీటర్లు ఆ దెబ్బకి చాలావరకూ ఓర్చుకుంటాయి. రేడియో ఓర్చుకోదు. పాతకాలం వాల్వు రేడియోలైనా కాస్త మొండివి. కొత్తగా వచ్చిన ట్రాన్సిస్టర్లు మహా సుకుమారాలు.

అరవైల మొదట్లో ఉద్యోగం మానేసి వచ్చి, బందరు కోనేరు సెంటరు దగ్గర రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్నాను. వార్తలు వినేవాళ్ళూ, నాటకాలు వినేవాళ్ళూ తెచ్చే రేడియోలు. బల్లులు దూరినవి, ఉప్పుగాలికి తీగలు పచ్చబడ్డవి. విమానాల మీద పని చేసినవాడికి అది చప్పగా ఉండేది. అందుకే, ఒక ఏడు దివిసీమ వరికి పురుగు పట్టి, మందు చల్లడానికి ఒక ప్రైవేటు కంపెనీ విమానం వస్తోందని, దానికి రేడియో చూసేవాడు కావాలని తెలియగానే కొట్టు మూసేసి పరుగెత్తాను.

బందరు నించి గుడివాడ వెళ్ళే రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న చౌడు బీడులో విమానం దిగింది. ఎండితే సిమెంటులా గట్టిపడే నేల అది. విమానం పసుపు రంగుది, ఒక్క మనిషి కూర్చునేది, ముక్కు వెనకాల మందు పోసే తొట్టి. దాన్ని చూడ్డానికి జనం బళ్ళు కట్టుకుని, అన్నాలు మూటకట్టుకుని వచ్చారు. మొదటి రోజు ఎవరో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఉపదేశి కొడుకుని కాబట్టి నేను పక్కన నిలబడ్డాను. పైలట్ గారు తెనాలి వైపు మనిషి, తొందరపడని మనిషి. నా మొహం చూసి, "నిమ్మకాయల వల్ల నష్టం లేదండీ, మీ రేడియో పలికితే చాలు" అన్నారు.

రేడియో పలకాల్సిన అవసరం ఆయనకి నిజంగానే ఉంది. మందు చల్లే విమానం వరి కంకులకి తగిలేంత కిందుగా పోతుంది. ఆ ఎత్తులో ఆయనకి కనిపించేది ముందున్న చేనూ, దాని చివర తాటిచెట్లూ, అంతే. సముద్రం మీద మబ్బు లేస్తే ఆయన చూడలేరు. నాగాయలంక దాటి పాలకాయతిప్ప దాకా పోతే, వెనక్కి వచ్చేసరికి గాలివాన మీద పడవచ్చు. నేను బీడులో ఇంకో రేడియో సెట్టు పెట్టి, వెదురు గడకి ఏరియల్ కట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తూర్పు దిక్కు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆయన చేను మీద ఉన్నంతసేపూ మాట అందదు. చేను చివర మలుపు తిరగడానికి పైకి లేచినప్పుడు రెండు ముక్కలు అందుతాయి. ఆ రెండు ముక్కల్లోనే చెప్పాల్సింది చెప్పాలి. ఒక మధ్యాహ్నం బందరు వైపు ఆకాశం ఇనపరంగుకి తిరిగితే, "వచ్చేయండి" అని అలా ఒక మలుపులో చెప్పాను. ఆయన దిగి చక్రాలకి అడ్డు పెట్టేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆ రోజు ఆయన నా భుజం తట్టారు. నేను వారం రోజులు భూమ్మీద నడవలేదు.

విమానంలోని రేడియో కొత్త రకం, కరెంటు తీసుకునే భాగంలో ట్రాన్సిస్టర్లున్నది. విమానం డైనమో మాత్రం పాతది. అందుకని నేను ఒక ఏర్పాటు చేశాను. రేడియోకి వెళ్ళే తీగని విడదీసి, మధ్యలో ఒక స్విచ్చు పెట్టి, దాని పిడికి ఎర్ర రంగు వేశాను. అది ఆపితే రేడియోకీ మిగతా విమానానికీ సంబంధం తెగిపోతుంది. ఇంజను స్టార్టుకి ముందు ఎర్ర స్విచ్చు ఆపు. ఆపడానికి ముందు ఎర్ర స్విచ్చు ఆపు. ఈ రెండు వాక్యాలూ తెలుగులో అట్టముక్క మీద రాసి లోపల అంటించాను. మందు కలిపే కూలీలకి కూడా కంఠతా వచ్చేదాకా వదల్లేదు. విమానం దగ్గరికి పోయే పని వాళ్ళకి లేకపోయినా సరే.

ఇంతలో కంపెనీ ఎలక్ట్రీషియనుకి కామెర్లు వచ్చి ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళిన మూడో రోజు నించి బ్యాటరీకి ఛార్జి సరిగా ఎక్కడం లేదు. డైనమో కరెంటుని హద్దులో ఉంచే చిన్న డబ్బా ఒకటుంటుంది, లారీల వాళ్ళు దాన్ని కటౌటు అంటారు. అది మొరాయిస్తోందని నాకు అనుమానం. రేడియో అయితే నేను చూస్తాను గాని డైనమోలు నా పని కాదు. అప్పుడే పైలట్ గారికి మా బావ గురించి చెప్పాను.

బావ మా అక్క భర్త. గుడివాడలో ఒక లారీ షెడ్డులో మెకానిక్కు. మాటలు తక్కువ. చదువు నాలుగో తరగతి. కానీ ఆ చుట్టుపక్కల ఆయన పేరు తెలియని లారీ డ్రైవరు లేడు. నడుస్తున్న డైనమో దగ్గర తల వంచి కాసేపు విని, లోపల ఏం అరిగిందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అరిగి ఉండేది. వేరే షెడ్డుల వాళ్ళు కూడా తేలనిది ఏదైనా ఉంటే ఆయన దగ్గరికే పంపేవాళ్ళు. ఆయనకి ఆస్తీ, చదువూ, గొప్ప చుట్టాలూ ఏమీ లేవు. 'ఆయన చూశాడంటే ఇంక చూడక్కర్లేదు' అనే ఆ మాట ఒక్కటే ఉంది. ఆ ఇల్లు నడిచేది ఆ మాట మీదే. మా అక్క తల ఎత్తుకుని తిరిగేదీ ఆ మాట మీదే.

నేను వెళ్ళి పిలిస్తే బావ వెంటనే ఒప్పుకోలేదు.

"విమానం గురించి నాకేం తెలుసోయ్?"

"డైనమో ఎక్కడున్నా డైనమోయే కదా బావా. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను.

"పెద్దవాళ్ళ వస్తువు. ఏదన్నా తేడా వస్తే నాకు మాట వస్తుంది."

"నేను పక్కనుంటాను కదా" అన్నాను. ఈ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

అక్క మధ్యలో వచ్చి, "మా తమ్ముడు అంత చెబుతుంటే మీకేంటండీ" అంది. మర్నాడు ఆదివారం చర్చి వదిలేసరికి గుడివాడలో సగం మందికి తెలిసిపోయింది, మా బావ విమానానికి వైద్యం చేయబోతున్నాడని. షెడ్డు వాళ్ళు ఆయన్ని విమానం డాక్టరు అని ఆటపట్టించారట. పైలట్ గారు రెండు రోజులు ఆయన పనితనం చూసి, ఈ సీజను సవ్యంగా గడిస్తే కంపెనీకి రాసి మిమ్మల్ని ఉంచేసుకుంటాం అన్నారు. ఆ సాయంత్రం బావ సైకిలు తొక్కుతూ ఈలవేశాడు. ఆయన ఈలవేయగలడని నాకు అంతవరకూ తెలియదు.

ఇక్కడ లారీ షెడ్డుల పద్ధతి ఒకటి చెప్పాలి. డైనమో బాగుందో లేదో చూడ్డానికి వాళ్ళకి మీటర్లు అక్కర్లేదు. ఇంజను నడుస్తుండగా హెడ్‌లైటు వేసి, బ్యాటరీ వైరు ఊడబీకుతారు. లైటు వెలుగుతూనే ఉంటే డైనమో పని చేస్తున్నట్టు. ఆరిపోతే చెడినట్టు. జిల్లాలో ఏ షెడ్డుకి వెళ్ళినా ఇదే పరీక్ష. అప్పటి లారీల్లో రేడియోలు లేవు కాబట్టి ఎవరికీ ఏ నష్టమూ లేదు. బావ ఈ పరీక్ష చేయడం నేను చాలాసార్లు చూశాను. సెలవుల్లో వచ్చినప్పుడు పక్కన నిలబడి ముచ్చటపడ్డాను కూడా. చెరువుకి పోయే దారి కట్టేయడం అంటే అచ్చంగా ఇదే. నాకు అంత బాగా తెలిసిన ఈ సంగతి బావకి ఒక్కసారి కూడా చెప్పలేదు. స్టార్టుకి ముందు, ఆపడానికి ముందు అని నూరిపోశాను. మధ్యలో ఏం చేయకూడదో చెప్పలేదు. అది అందరికీ తెలిసిందే అనుకున్నాను. వైమానిక దళంలో అందరికీ తెలుసు. గుడివాడలో ఎవరికి తెలుసు?

ఒక రోజు పొద్దున్న పైలట్ గారు బందరు వెళ్ళారు. బావ కటౌటు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించాడు. ఇంజను నడిపి చూద్దాం అనుకున్నాం. నేలమీద ఇంజను నడపడం నాకు అలవాటే కాబట్టి లోపల నేను కూర్చున్నాను. బావ రెక్క వెనకాల, బ్యాటరీ ఉన్న తలుపు తీసి నిలబడ్డాడు.

"లైటు వేసి ఉంచవోయ్" అన్నాడు.

నేను రెక్క కింది లైటు వేశాను. ఎందుకు వేయమన్నాడో ఆలోచించలేదు. నా ఆలోచన అంతా ఇంకో దాని మీద ఉంది. నాలుగు రోజులుగా హెడ్‌ఫోన్లలో డైనమో ఈగలా గీపెడుతోంది. దాన్ని ఆపడానికి ముందురోజు నేను ఒక కండెన్సరు వేశాను. ఆ గీ ఆగిందో లేదో వినాలని నా తహతహ. ఇంజను స్టార్టు చేశాను. అప్పుడు ఎర్ర స్విచ్చు ఆపే ఉంది, అంతవరకూ నా నియమానికి భంగం లేదు. ఇంజను స్థిరపడగానే ఎర్ర స్విచ్చు వేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. గీ లేదు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

కళ్ళు తెరిస్తే బావ చెయ్యెత్తి ఏదో అడుగుతున్నాడు. ఆ ఇంజను హోరులో మాట వినపడదు. చేతిలో స్పానరు ఉంది. కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

చెవుల్లో టప్ మని ఒక్క చప్పుడు. తరవాత ఏమీ లేదు. రెక్క కింది లైటు ఒక్కసారి తెల్లగా భగ్గుమని ఆరిపోయింది. కాలిన లక్క వాసన వచ్చింది. నా చెయ్యి దానంతటదే వెళ్ళి ఎర్ర స్విచ్చు ఆపేసింది.

ఇంజను ఆపి కిందికి దూకాను. బావ ఒక చేత్తో బ్యాటరీ వైరు పట్టుకుని, ఆరిపోయిన లైటుకేసి చూస్తున్నాడు. చుట్టూ పదిమంది కూలీలు మందు డబ్బాలు వదిలేసి వచ్చి నిలబడ్డారు. అప్పుడు నేను నోటికొచ్చినట్టు అరిచాను. ఎవరు పీకమన్నారు అన్నాను. ఇది లారీ అనుకున్నారా అన్నాను. తెలియనప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలి అన్నాను. అక్క మొగుడు, నాకన్నా పదేళ్ళు పెద్దవాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఒక్క మాట అని ఎరగడు. తల వంచుకుని, ఆ వైరుని జాగ్రత్తగా మళ్ళీ దాని చోట బిగించాడు.

రేడియో విప్పితే రెండు ట్రాన్సిస్టర్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. వాటిని కాపాడడానికి పెట్టిన ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. ఫ్యూజు కాలడానికి కాస్త వ్యవధి కావాలి. ట్రాన్సిస్టరుకి అక్కర్లేదు.

పైలట్ గారు జీపు దిగి, అంతా చూసి, ఏం జరిగిందని అడిగారు.

"బావ ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకారండీ" అన్నాను.

"మీ ఎర్ర స్విచ్చు?"

"ఆపే ఉందండీ" అన్నాను.

అది అబద్ధం కాదు. ఆయన అడిగేటప్పటికి ఆపే ఉంది. ఆయన నొసలు ముడివేసి, ఆపి ఉంటే ఎలా కాలిందన్నారు. ఒక్కోసారి అంత దెబ్బకి అదీ ఆగదండీ అన్నాను. నేను పెట్టిన స్విచ్చు మీద నేనే అపవాదు వేశాను. ఆయన నమ్మారు. ఆ విషయంలో అక్కడ నాకన్నా తెలిసినవాడు ఎవడూ లేడు మరి.

"మీరేనా తీసింది?" అని బావని అడిగారు.

"నేనేనండీ" అన్నాడు బావ. అంతే. చెయ్యి ఊపిన సంగతి అనలేదు. లైటు వేయమన్న సంగతీ అనలేదు. పైలట్ గారు గట్టిగా కూడా మాట్లాడలేదు. ఈ పని మీకు కుదరదులెండి, మీరు మీ షెడ్డుకే వెళ్ళండి అన్నారు. బావ స్పానర్లు గుడ్డలో చుట్టుకుని, సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని వెళ్ళిపోయాడు. నేను మాడిపోయిన ట్రాన్సిస్టర్లు చేతిలో పట్టుకుని, చాలా పని ఉన్నవాడిలా తలెత్తకుండా కూర్చున్నాను.

కొత్త ట్రాన్సిస్టర్లు మద్రాసు నించి రావాలి. అవి వచ్చేదాకా పురుగు ఆగదు కదా. పైలట్ గారు రేడియో లేకుండానే ఎగిరారు. నేను అలవాటు కొద్దీ ఏరియల్ కింద కూర్చునేవాణ్ణి, చెవుల్లో ఏమీ లేకుండా. మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు మధ్యాహ్నం తూర్పున మబ్బు లేచింది. మొదట పలచగా, చూస్తుండగానే చిక్కగా. ఆయన దివిసీమలో ఎక్కడో చేను మీద ఉన్నారు. ఆయనకి చెప్పే దారి లేదు. గాలి తిరిగింది. కూలీలు మందు డబ్బాల మీద పట్టాలు కప్పి పాకలోకి పోయారు. నేను వెదురు గడ పట్టుకుని వానలో నిలబడి, ఆయన కోసం ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను. మొదటి మాట కూడా నోటికి రాలేదు. అబద్ధమాడిన నోరు అది.

పైలట్ గారు వచ్చారు. వానలోంచి ఉన్నట్టుండి కిందుగా బయటపడి, తడిసిన చౌడు మీద పక్కకి జారి, బీడు చివర కంచె దగ్గర ఆగారు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి దిగి, మొహం తుడుచుకుంటున్నారు.

"ఇవాళ మీరు చాలా గుర్తొచ్చారండీ" అన్నారు నవ్వుతూ.

నేను ఇంక ఆగలేకపోయాను. అక్కడే, వానలోనే, అంతా చెప్పేశాను. లైటు వేసింది నేను, స్విచ్చు వేసింది నేను, చెయ్యి ఊపింది నేను, కాలాక గుట్టుగా స్విచ్చు ఆపిందీ నేనే అని. ఆయన నవ్వు ఆగిపోయింది. వంగి విమానం చక్రానికి అంటిన బురద గీకారు. నన్ను కూడా పంపించేస్తారనుకున్నాను. పంపించేస్తే బాగుండుననీ అనుకున్నాను.

"కూలీల ముందు ఆయన్ని మీరు కేకలేశారని విన్నాను" అన్నారు చివరికి.

"అవునండీ."

"రేపు వెళ్ళి తీసుకురండి. వచ్చాక ఆ కూలీల ముందే ఈ మాట చెప్పండి."

మర్నాడు ఆదివారం. గుడివాడ బస్సు దిగి ముందు షెడ్డు వైపు వెళ్ళాను, ఆదివారం కూడా అక్కడ ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి. బావ ఉన్నారా అని అడిగితే ఒక డ్రైవరు బీడీ పక్కకి తీసి, "విమానం డాక్టరు గారా? రావట్లేదండీ. వచ్చినా ఇప్పుడు ఆయన్ని డైనమో ముట్టుకోనిచ్చేదెవరు" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. వాళ్ళకి ఎవరు చెప్పారో తెలియదు. అంత పెద్ద వార్త బీడులోంచి గుడివాడ రావడానికి ఎంతసేపు పడుతుంది? నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వెళ్తే బావ పెరట్లో కూర్చుని తలుపు గొళ్ళెం సాపు చేస్తున్నాడు. చర్చికి వెళ్ళలేదని చూడగానే తెలిసింది, తెల్ల చొక్కా వేసుకోలేదు. నన్ను చూసి లేచి, పీట జరిపి, "కూర్చోవోయ్, రేడియో బాగుపడిందా?" అన్నాడు. ఆయన మొదట అడిగింది అదే.

నేను కూర్చోకుండానే చెప్పాను. ఆయన గొళ్ళెం పక్కన పెట్టి విన్నాడు.

"చెయ్యి ఊపావు, చూశాను" అన్నాడు.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు బావా?"

"పీకింది నేనేగా. నువ్వు అంతలా అరుస్తుంటే, నేనే ఏదో ఘోరం చేశాననుకున్నాను. ఆ స్విచ్చు వేసి ఉందనీ, దాని వల్లే కాలిందనీ నాకేం తెలుసు? విమానం సంగతి నువ్వు చెప్పిందే కదా నేను నమ్మాలి."

ఆయన నన్ను కాపాడడానికి నోరు మూసుకున్నాడని నేను దారంతా అనుకుంటూ వచ్చాను. అదైనా కొంత నయంగా ఉండేది. ఆయన నిజంగానే నమ్మాడు. ఇరవై ఏళ్ళుగా తనకి తెలిసిన పని తనకి తెలియదని, నేను అరిచిన అరుపుకి నమ్మేశాడు. నాకు ఏడుపొచ్చింది. అది చూసి ఆయనే కంగారుపడ్డాడు.

"ఊరుకో. వస్తాలే, రేపు పొద్దున్నే వస్తాలే" అన్నాడు. తరవాత వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీ అక్కకి మాత్రం చెప్పకు. నువ్వంటే ఆవిడకి కొండంత గొప్ప. నేను ఎలాగోలా సర్దుకుంటాను."

నేను కళ్ళు తుడుచుకున్నాను. వంటింట్లోకి వెళ్ళాను. అక్క గోంగూర రొయ్యలు వండుతోంది, నేను వస్తానని కాదు, ఆదివారం కాబట్టి. నా వైపు తిరక్కుండానే, "మీ బావ నీకు తలవంపులు తెచ్చారు కదరా" అంది. "పెద్ద మెకానిక్కు అని ఊరంతా చెప్పుకున్నాను. పొద్దున్న చర్చిలో మొహం చెల్లలేదు."

"రేడియో కాల్చింది నేను అక్కా" అన్నాను.

తిరిగి చూసింది. మొత్తం చెప్పాను, మొదటి నించీ, నేను అబద్ధమాడిన చోట ఆపకుండా. అక్క గరిట తిప్పడం మానేసింది. కూర అడుగంటుతున్న వాసన వచ్చినా దించలేదు. నన్ను తిడుతుందనుకున్నాను. నాన్న పేరెత్తి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మొన్న రాత్రి భోజనానికి ముందు కిరసనాయిలు పోసుకుని చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నారు రా" అంది. "కడుక్కుంటూ, ఈ చేతులు ఇంక పనికిరావేమోనే అన్నారు. అవునండీ అన్నాన్రా నేను."

ఆ తరవాత గరిట కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, పెరట్లోకి వెళ్ళింది. నేను పొయ్యి మీద నించి కూర దించి గుమ్మం దాకా వెళ్ళాను. అక్క బావ ముందు నేల మీద కూర్చుని, ఆయన రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుంది. ఏమైందే అని ఆయన అడుగుతూనే ఉన్నాడు.